మూడు భాగాల నాన్న

ఆ రోజుల్లో నాకు అభిప్రాయాలకు కొదవ ఉండేది కాదు. ఇప్పుడు కూర ఎలా ఉందని అడిగినా కాసేపు ఆలోచించి గానీ నోరు విప్పని నేను, ఇరవై మూడేళ్ళ వయసులో అట్ట మాత్రమే చూసిన పుస్తకం గురించి కూడా గంటసేపు మాట్లాడగలిగేదాన్ని. నోయిడాలో ఒక ఆఫీసులో హిందీ సీరియళ్ళకు తెలుగు సబ్‌టైటిళ్ళు రాయడం నా ఉద్యోగం. వారమంతా అత్తాకోడళ్ళ ఏడుపులను రెండేసి లైన్లకు కుదించీ కుదించీ, ఆదివారం వచ్చేసరికి తీరిగ్గా నాలుగు తెలుగు మాటలు మాట్లాడుకోకపోతే ఊపిరాడేది కాదు. అందుకే మెట్రో ఎక్కి ఆర్.కె. పురం వెళ్ళేదాన్ని. అక్కడ ఒక గవర్నమెంటు క్వార్టర్‌లో మా పుస్తకాల బృందం కలిసేది. బృందమంటే నలుగురమే.

క్వార్టర్ ఫైలంకుల్‌ది. ఏదో మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. పప్పులో తాలింపు వేయడానికి కూడా పైనుంచి ఆమోదం రావాలన్నట్టు మాట్లాడేవారు కాబట్టి ఆ పేరు. రెండో మనిషి సిస్టర్ ఆంటీ. బాపట్ల వైపు నుంచి వచ్చి ఢిల్లీలో నర్సుగా స్థిరపడినావిడ, చర్చి అయిపోగానే తిన్నగా గోంగూర పచ్చడి డబ్బాతో వచ్చేసేవారు. మూడోవాడు వరంగల్ అబ్బాయి. అద్దె గదిలో ఉంటూ సివిల్స్‌కి చదివేవాడు. మేం మాత్రం అప్పటికే అతన్ని కలెక్టరని పిలిచేవాళ్ళం (పరీక్ష పెట్టేవాళ్ళు ఇంకా ఒప్పుకోలేదంతే).

ఆ ఏడాది ఎవరి నోట విన్నా ఒకే నవల. ఒక కోపిష్టి తండ్రి, నోరెత్తని తల్లి, తలోదిక్కు చూసే పిల్లలు, తలగడంత లావు పుస్తకం. ఫేస్‌బుక్‌లో సగం మంది చదివి ఏడ్చామంటే, సగం మంది విసిరికొట్టామన్నారు. ఎక్కడా కాపీలు లేవు. ఫైలంకుల్ ఊరినుంచి ఎవరి చేతో ఒకటి తెప్పించారని కబురు రాగానే, నేను ఆఫీసులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను (పెళ్ళి కుదిరిందా అని పక్క సీటమ్మాయి అడిగింది).

ఒక్క కాపీ, ముగ్గురు ఆత్రగాళ్ళు. ఫైలంకుల్ దగ్గర ఆఫీసు పద్ధతి సిద్ధంగా ఉంది. "ఫైలు లావెక్కితే ఏం చేస్తాం? వాల్యూములుగా విడగొట్టి తలో డెస్కుకీ పంపిస్తాం. ఇదీ అంతే" అని, దాన్ని బైండింగ్ షాపులో మూడు భాగాలుగా కోయించి, విడివిడిగా అట్టలు వేయించారు. మొదటి భాగం సిస్టర్ ఆంటీకి, రెండోది నాకు, మూడోది కలెక్టర్‌కి. నెల తర్వాత మార్చుకోవాలి. "మరి మీరో అంకుల్?" అంటే, "ముందు మీ కామెంట్లు రానివ్వండి, తర్వాత చూస్తాను" అన్నారు. కథను నడిమధ్య నుంచీ, చివర నుంచీ చదవడమేమిటని మాలో ఒక్కరం కూడా అడగలేదు. ఎవరి ముక్క వాళ్ళు పట్టుకుని పారిపోయాం.

నా భాగంలో తండ్రి లేనే లేడు. ఎక్కడికో వెళ్ళిపోయాడట, ఎందుకో మొదటి భాగానికే తెలియాలి. అక్కా తమ్ముళ్ళు ఇంటి కోసం కొట్టుకు చస్తున్నారు. నేను మెట్రోలో చదువుతూ దిగాల్సిన స్టేషన్ దాటిపోవడం, వెనక్కి వస్తూ మళ్ళీ దాటిపోవడం మామూలైంది.

మార్చుకునే ఆదివారం వచ్చింది. టీ కప్పులు ఇంకా చేతికి రాకముందే సిస్టర్ ఆంటీ మొదలెట్టారు. "ఆడు మనిషేనా? చదువుకుంటానన్న కూతురి పుస్తకాలు పొయ్యిలో పెడతాడా?"

కలెక్టర్ తెల్లబోయాడు. "గట్లెట్లంటరు ఆంటీ? గసొంటి మనిషి దొరకడు. మంచంల పడ్డ భార్యకు తన చేతులతోని అన్నం తినిపిస్తడు."

"అసలు ఈ నవలలో తండ్రిది పెద్ద పాత్రే కాదు" అన్నాను నేను, మూడో వంతు చదివిన మనిషికి ఉండే నిండు నమ్మకంతో. ఇద్దరూ నా వైపు ఒకేలా చూశారు. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ ఏకీభవించింది అక్కడొక్కచోటే.

"ఆఖర్న మస్తు మారుతడు ఆంటీ. మీరు చదివితె మీరే మాఫ్ చేస్తరు" అన్నాడు కలెక్టర్. సిస్టర్ ఆంటీ మొహం ఎర్రబడింది. మొదటి భాగం తిరిగి సంచిలో పెట్టుకుని, "ఆణ్ణి మంచోడన్న చోట నేను కూర్చోను" అని వెళ్ళిపోయారు. పచ్చడి డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. "రెండు డెస్కుల మధ్య భేదాభిప్రాయం" అని ఫైలంకుల్ గొణిగారు. ఆ తర్వాతి ఆదివారం ఆవిడ రాలేదు. ఆ గది మూతపడితే, ఢిల్లీలో నేను తెలుగులో వాదించడానికి సబ్‌టైటిళ్ళు తప్ప ఇంకేం మిగలదు.

కలెక్టర్ దగ్గర మూడో భాగం తీసుకుని ఆంటీ ఇంటికి బయల్దేరాను. దారిలో ఒక్క పేజీ చూద్దామని తెరిచి, ముసలాయన కూతురి పగిలిన పాదాలకు నూనె రాసే చోట, మెట్రోలో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను (పక్కావిడ "కోయీ నహీఁ బేటా" అని ఓదారుస్తూ వాటర్ బాటిల్ ఇచ్చింది). ఆంటీ తలుపు తీయగానే, "మీరిది చదవాల్సిందే, ఆయన నిజంగానే మారాడు" అని గడపలోనే ఉపన్యాసం అందుకున్నాను.

ఆవిడ అంతా విని కుర్చీ చూపించారు. "నర్సింగుకి పోతానన్నానని మా నాన్న నాతో మాటలు మానేశాడమ్మా. ఢిల్లీ రైలెక్కే రోజు గదిలోంచి బయటికే రాలా. మళ్ళీ నేను ఆయన్ని చూసింది పెట్టెలోనే" అన్నారు. నా చేతిలోని మూడో భాగం వైపు చూసి, "పుస్తకంలో ఆయన మారితే మారాడు. మా నాన్నకి మూడో భాగం లేదు" అన్నారు.

నాకు అభిప్రాయమంటూ లేకపోవడం బహుశా అదే మొదటిసారి. చేతిలో పుస్తకం టీవీ పక్కన పెట్టి, మొదటి భాగం అడగడం కూడా మరచిపోయి లేచాను. ఆంటీయే దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది ఆ పిల్లోడికియ్యి. చదివినాక మాట్లాడమను" అన్నారు.

తర్వాతి ఆదివారం ఫైలంకుల్ బాల్కనీలో ఆంటీ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆంటీ వచ్చారు, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆవిడ కూర్చోకముందే కలెక్టర్ అందుకున్నాడు. "మీరు చెప్పిందే కరెక్ట్ ఆంటీ. పుస్తకాలు కాలబెట్టెటోడు ఆఖర్న మారితే ఎంత, మారకుంటె ఎంత?"

"ఏందబ్బాయ్, నోటికొచ్చినట్టు అంటావ్? ఆ ముసలోడు ఆ పిల్ల కాళ్ళు పట్టుకుని ఏడవలా?"

ఇద్దరూ పార్టీలు మారి, అంతే వేడితో మళ్ళీ తలపడ్డారు. "కామెంట్లు ఇంకా కుదరలేదు" అని ఫైలంకుల్ సంతోషంగా తన వంతు వాయిదా వేసుకున్నారు. నాకు నవ్వాగలేదు. సిస్టర్ ఆంటీ కూడా నవ్వారు, నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళొత్తుకుని, "ఇంకొన్నాళ్ళు ఉంటే మా నాన్న కూడా రాసేవాడేమో నూనె" అన్నారు. కలెక్టర్ లేచి వెళ్ళి ఆవిడకి టీ తెచ్చిచ్చాడు.

ఇప్పుడా నవల కోయని కొత్త కాపీ ఒకటి నా దగ్గరుంది. చదివిన ప్రతిసారీ ఏదో ఒక పార్టీలో చేరుతుంటాను, మళ్ళీ రాజీనామా చేస్తుంటాను. ఎప్పుడైనా మెట్రోలో వెళ్తుంటే, ఒళ్ళో లావుపాటి ముక్క పెట్టుకుని, స్టేషన్ దాటిపోయిందని కూడా తెలియని ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. పక్కన కూర్చుని, తీర్పుకి అంత తొందరేమిటమ్మా అని చెప్పాలనిపిస్తుంది. చెబితే వినే రకం కాదు. పుస్తకంలోంచి తలెత్తకుండానే, "మీరు ఏ భాగం చదివారాంటీ?" అంటుంది.