బీడీలు లేని తాంబూలం పళ్లెం

మొన్న కుప్పంలో మా ఆడబిడ్డ మనవరాలి పెళ్లికి వెళితే, కల్యాణ మండపం గోడమీద పొగ తాగరాదనీ, తాగితే జరిమానా అనీ రాసిన బోర్డు కనిపించింది. దాని పక్కనే నిలబడి పిల్లలు సెల్‌ఫోన్లలో ఫోటోలు దిగుతున్నారు గానీ బోర్డు వైపు చూసినవాళ్లు లేరు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను, ఎందుకంటే మా పుంగనూరు వైపు ఈ మాటను పెళ్లిపందిట్లో మొట్టమొదట అన్నది మా నాయనేనని నా నమ్మకం. ఎవరైనా కాదంటే ఈ వయసులో కూడా పోట్లాటకు సిద్ధమే.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పెళ్లికి వచ్చిన మగవాళ్ల ముందు పెట్టే తాంబూలం పళ్లెంలో ఆకులూ వక్కలతో పాటు విప్పిన బీడీకట్టలు, కాసిని సిగరెట్లు, ఒక అగ్గిపెట్టె కూడా ఉండేవి. తాగని వాళ్లు సైతం మర్యాదకు ఒక బీడీ తీసి చెవిసందున పెట్టుకునేవారు. వంటలో ఉప్పు తక్కువైనా సర్దుకునేవారు గానీ, ఆ పళ్లెంలో బీడీలు తగ్గితే మగపెళ్లివారు ఏళ్లతరబడి దెప్పేవారు.

ఎనభైల మొదట్లో, మదనపల్లెలో డిగ్రీ చదివి, ఆపైన టీచరు ట్రైనింగు ముగించుకుని, పుంగనూరు హైస్కూల్లో సైన్సు టీచరుగా కొత్తగా చేరాను. మా నాయన మెట్టచేను నమ్ముకున్న రైతు, ఇంట్లో ఉన్న పొట్టి ఆవులన్నా, వాకిట్లో పడుకునే ఎర్రకుక్కన్నా ప్రాణం. ఆ ప్రాణంలో సగం మాత్రం బీడీది. కోడి కూయకముందే ఆయన దగ్గుకు ఇల్లంతా లేచేది. మానమని చెప్పి చెప్పి అమ్మ విసిగిపోయింది, టీకాల గురించీ రోగాలు రాకుండా చూసుకోవడం గురించీ బడిలో గొంతు చించుకునే నా మాటకు ఇంట్లో అంతకన్నా విలువ లేదు.

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలకు చర్చ పెట్టాను, మందుల పరిశోధనకు జంతువులను వాడవచ్చా కూడదా అని. దానికోసం ఒక వారపత్రిక తెచ్చి అరుగుమీద చదువుకుంటుంటే, అందులో మూతికి గొట్టం బిగించి సిగరెట్టు పొగ పట్టిస్తున్న కుక్క ఫోటో నాయన కంటబడింది. పొగ మనిషికి ఎంత చెడుపో తెలుసుకోవడానికి చేస్తారని చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"రోగం మనల్ని అడిగి రాదు, దానికి మందు కనిపెట్టేదానికి అంటే ఏమో అనుకోవచ్చు. బీడీ మనమే కొనుక్కోని తాగతాండామే, దానికి ఆ నోరులేనిది యాల సావాలమ్మా?"

నువ్వు మానేస్తే ఆ కుక్కతో వాళ్లకు పనే ఉండదు కదా నాయనా అన్నాను, అనాలని కాదు, వచ్చేసింది. ఆయన వాకిట్లోని ఎర్రకుక్కను చాలాసేపు చూసి, లేచి చేనికి వెళ్లిపోయాడు. మరునాడు బడిలో చర్చ జోరుగా సాగింది. పిచ్చికుక్క కరిచి, అప్పట్లో గొర్రెల, మేకల మెదడు నుంచి తీసే మందును బొడ్డుచుట్టూ సూదులుగా వేయించుకున్న ఒక ఆడపిల్ల, జంతువులే లేకపోతే నేనెక్కడుండేదాన్ని అని అడిగింది. మేకలు కాసే ఇంటి పిల్లవాడు, మేకను ఎవరడిగారు మేడం అన్నాడు. నేను ఎవరినీ గెలిపించలేకపోయాను. ఇంట్లో మాత్రం నాయన బీడీ ముట్టడం మానేశాడు. వేపపుల్ల నములుతూ అందరిమీదా ఎంతగా చిటపటలాడాడంటే, ఈయన బీడీ తాగినప్పుడే నయం కదే అని అమ్మ నా దగ్గర వాపోయింది.

ఆ ఏడే నాకు కుప్పం సంబంధం కుదిరింది. ఉద్యోగం చేసే పిల్ల మాకొద్దన్న ఇళ్లే ఎక్కువ, పెళ్లయ్యాక కూడా ఉద్యోగం చేసుకోమన్నది ఆ ఇల్లొక్కటే, అందుకే అది తప్పిపోకూడదని లోలోపల దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. పెళ్లికొడుక్కు తండ్రి లేడు, పెద్దరికమంతా ఆయన పెదనాయనది, అంటే మా పెదమామగారిది. వచ్చినవాళ్ల కోసమైనా పళ్లెంలో బీడీలు పెట్టమని అమ్మ ఎంత బతిమాలినా నాయన వినలేదు.

భయపడినట్టే అయింది. ముహూర్తానికి ముందు పళ్లెం అందుకున్న పెదమామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మమ్మల్ని ఇంత తక్కువగా చూస్తారా అని లేచారు. ఆయన వెనకే ఆ వరసంతా లేచి బాడుగ బస్సు వైపు నడిచింది. పెళ్లిబట్టల్లో కిటికీ దగ్గర నిలబడిన నాకు నాయన మీద పట్టరాని కోపం వచ్చింది. నాయన పరుగున పోయి ఆయనకు అడ్డం నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"బావా, నోరులేని కుక్కకి పొగ పట్టించేది పాపమని నా బిడ్డతో కొట్లాడినోణ్ణి. అదే పొగ, నిన్ను పిలిపించుకోని, నా సేత్తో యెట్ట ఇచ్చేది?"

మనల్ని కుక్కతో పోలుస్తున్నాడని వెనక ఎవరో గొణిగారు. పెదమామగారు మాత్రం ఏ కుక్క అని అడిగారు. చేతులు దించకుండానే నాయన ఫోటో సంగతంతా చెప్పాడు.

"నీ సేత్తో ఇయ్యొద్దులే బావా, నా జోబీలో ఉండాది," అని పెదమామగారు పందిరి వెనక్కి పోయి, ఒక బీడీ కాల్చి, బాగా దగ్గి, తిరిగివచ్చి కూర్చుని ఉట్టి ఆకులూ వక్కలూ వేసుకున్నారు. నా పెళ్లి జరిగింది. అంతకుముందు కోపం ఏమైపోయిందో గానీ, తాళి కట్టే వేళ నా చూపంతా నాయన మీదే ఉంది.

కొన్నేళ్లకు కుప్పంలో పెదమామగారు తమ కొడుకు పెళ్లి చేశారు. ఆయన బీడీ మానలేదు, పెరట్లో అప్పటికీ కాలుస్తూనే ఉన్నారు. కానీ మగవాళ్ల ముందు పెట్టిన పళ్లేలలో ఒక్క బీడీ లేదు. నేను ఆశ్చర్యంగా చూస్తుంటే దగ్గరికి వచ్చి, "మీ నాయన వస్తాడు గదమ్మా," అని మాత్రం అని వెళ్లిపోయారు. నాకు ఇన్నేళ్ల ఉద్యోగంలో దొరికిన ఏ శాలువా ఆ మాటకు సాటిరాదు.

ఇప్పుడు ఏ పెళ్లిలోనూ అలాంటి పళ్లెం లేదు, సంతోషమే. ఆ కుక్కకు జరిగింది న్యాయమో కాదో, మా తొమ్మిదో తరగతి తేల్చని సంగతి నేనూ ఇంతవరకు తేల్చుకోలేదు. మొన్న ఆ బోర్డు కిందే ఒక కుర్రవాడు సిగరెట్టు వెలిగించాడు. జరిమానా కట్టమనడానికి ఎవరూ రాలేదు, చేతులు జోడించి వద్దనడానికి కూడా ఎవరూ రాలేదు. కాసేపు చూసి, నేనే వెళ్లి అతని ముందు నిలబడి నాయనలాగే రెండు చేతులూ జోడించాను.