మొదటి కోత మన్నుకే

గురువారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు మా తోడికోడలు చెన్నమ్మ ఎరువు కుప్ప పక్కన కూలబడి, మళ్ళీ లేవలేదు. గడియారం చూసింది నేనే. అరగంట ముందు నాతో పోట్లాడిన మనిషి అట్లా వెళ్ళిపోయిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. జమ్మలమడుగు సంతలో ఆమె గోంగూర, మెంతికూర కొన్నవాళ్ళు చదువుతారని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఇళ్ళ వెనక నేల ఉత్త చౌడు. వాన పడి ఆరితే తెల్లగా ఉప్పు తేలేది. చెన్నమ్మ అందులో ఆకుకూరలు పండిస్తానంటే ఊరు నవ్వింది. మొదటి ఏడు ఆ నవ్వు సబబే. పొయ్యి బూడిద వేస్తే పురుగు పట్టదని ఇంటింటా అడిగి తెచ్చి మళ్ళలో పోసింది. చౌడుకు బూడిదలోని ఉప్పు తోడైంది. మెంతి మొలిచింది మొలిచినట్టే మాడింది. ఆమె భర్త, మా మరిది ఓబులేసు, "ఏమ్మే, ఉప్పు పండిస్తాండావా?" అన్నాడు.

"పండితే నీ సంగట్లోకే ఏస్తాలే" అంది.

మరుసటి ఏడు గొర్రెల మందను అక్కడ ఆపించింది. జనుము చల్లి, పూతకు రాగానే కలియదున్నించింది. పేడ, శనక్కాయ పొట్టు, వేపాకు పొరలుగా వేసి కుప్ప పేర్చి మాగబెట్టింది. మడికి ఆరు గంపల ఎరువని లెక్క నాది. నేను అటు తిరగ్గానే ఏడో గంప పోసేది. చాలాసార్లు చూడనట్టే ఉండేదాన్ని. ఆ గురువారం మాత్రం పట్టుకుని అడిగాను.

"లెక్క నీది, ఆకలి మన్నుది అక్కా" అంది. నాతో ఆమె అన్న ఆఖరి మాట అది.

ఏ మడిలోనైనా మొదటి కోత ఇంటికి రానిచ్చేది కాదు. కోసిన ఆకును అక్కడే మన్నులో కలిపేది. ముందు మన్ను తినాల, మనం తర్వాత, అనేది. వానలు లేని ఒక ఏడు కూరకు ఏమీ లేక, ఒక్క కట్ట తోటకూర ఇమ్మన్నా ఇవ్వలేదు. అందరం సంగటిలో కారం నంజుకుని తిన్నాం. నాకు ఒళ్ళు మండింది. రెండో కోత మోకాలెత్తు లేచింది.

ఆమె పోయిన మూడో నాడు కుప్పలో చెయ్యి పెట్టాను. ఆమె చెయ్యి నా చేతిలోనే చల్లబడింది. ఆమె పేర్చిన కుప్ప మాత్రం లోపల ఇంకా వెచ్చగా ఉంది. చెయ్యి తీయడానికి చాలాసేపు మనసొప్పలేదు.

పోయిన నెల ఆమె చల్లిన తోటకూర సరిగ్గా ఆమె దినాల నాటికి కోతకొచ్చింది. ఆమెకు ఇష్టమైన కూర అది. వండి విస్తట్లో పెట్టాలని ఓబులేసు కొడవలి తెచ్చాడు. "ఆమెకు పెట్టకుండా ఇంకెవరికి పెడ్తాము వదినా?" అన్నాడు. ఆ మడి ఆమె మాట మీద నిలబడ్డది; ఆ మాట కాపాడటానికి ఇక మేమిద్దరమే ఉన్నాం.

"మొదటి కోతప్పా. పెడితే కాకి గూడా ముట్టదు" అన్నాను.

అతను కోసిన ఆకంతా మడిలోనే వేసి తొక్కాడు. నేను కుప్ప నుంచి ఆరు గంపలు పోశాను. పోసి, అలవాటు కొద్దీ అటు తిరిగి నిల్చున్నాను.

ఏడో గంప ఎవరూ పోయలేదు.

పోయినవి ఇవి: మనిషి ఒకరు. మడికి గంప ఒకటి. నా లెక్క చాలదని చెప్పే గొంతు ఒకటి.