మస్కట్ ఫిట్టింగు

మా ఊళ్ళో మిరపకోతకెళ్ళిన ఆడవాళ్ళందరినీ ఒక్క పూటలో కాలవలోకి దూకించిన ఘనత నాది. తేనెటీగలు లేవలేదు, చేలో పాము కనపడలేదు. అంతా నా చేతిలో కత్తెర చేసిన పని.

నేను చదివింది ఐదో తరగతి. ఫ్యాషను నేర్చింది మాత్రం మస్కట్‌లో. నవ్వకండి. ఇంటిపనికని తీసుకెళ్ళిన ఏజెంటు నన్నొక మేడమ్‌గారి బట్టల కొట్లో దింపి పోయాడు. "పని నేర్పుతున్నాం కాబట్టి జీతం ఉండదు" అందావిడ. చదువుకున్న పిల్లలు దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారట. పేరు తెలియక నేను మోసం అనుకున్నాను.

ఆవిడ నేర్పిన వ్యాపారం రెండే ముక్కలు. "వచ్చినవాళ్ళ మాట వినకు, వాళ్ళకేం కావాలో వాళ్ళకే తెలీదు. ఒంటికి అతికినట్టు కుట్టు, వాళ్ళే ఎగబడతారు." జీతానికి బదులు అవే మూటగట్టుకుని, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఊరికొచ్చాను. మా ఆయన ఏసోబు వసారాలో కుట్టుమిషను పెట్టించాడు. అది నిలబడితే ఇక మిరపచేలో అడుగుపెట్టక్కర్లేదు. నా ఆశంతా అదే.

మా వైపు మిరపకాయలు కోసేటప్పుడు చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుంటారు. ఎండకీ ఘాటుకీ అదే అడ్డం. చూడ్డానికి గోతంలో మనిషి దిగినట్టుంటుంది.

"ఇదేం అవతారం అక్కా! ఆ చొక్కాలు తెచ్చివ్వండి, నడుం దగ్గర బిగువుగా పట్టిస్తాను" అన్నాను ముఠామేస్త్రి కోటమ్మతో.

"వదులుగా ఉంటేనే హాయి గదే, సువార్తా!"

"మస్కట్‌లో వదులు బట్టలు ఎవరు తొడుక్కుంటారక్కా?"

అక్కడ ఆడవాళ్ళంతా తొడుక్కునేది కాళ్ళదాకా జారే వదులు గౌన్లే. ఆ సంగతి వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు.

ముఠా అంతా చొక్కాలు తెచ్చిచ్చారు. మా ఆయన మేనత్త రత్తమ్మ నీలంచారల చొక్కా ఒకటి తెచ్చి, "అమ్మాయ్, ఇది మరి..." అని ఏదో చెప్పబోయింది. వచ్చినవాళ్ళ మాట వినకూడదు కదా! "నువ్వు కూర్చో అత్తా" అని, చేతులు మోచేతుల పైకి కరకరా కత్తిరించేశాను.

మర్నాడు ముఠా అంతా సినిమాకెళ్తున్నట్టు చేలోకెళ్ళింది. పొద్దెక్కేసరికి చెమటకి చొక్కా ఒంటికి అంటుకుంది, ఆ చెమటలో కారం కలిసింది. అటునుంచటే కాలవ. కాలవనుంచి మా వసారా.

"ఒసేయ్ మస్కట్టూ! బయటికి రావే!"

"కారం పట్టించి వేయించావు గదే, మేమేమన్నా చేపముక్కలమా?"

"ఈ చొక్కా ఇప్పుడు నా మనవడిక్కూడా పట్టదు!"

నేను మిషను వెనక నక్కాను. ఏసోబు లోపలికెళ్ళి తన చొక్కాలన్నీ తెచ్చి పంచేశాడు. ఒంటిమీదున్నదొక్కటే మిగిలింది. "ఆదివారం ప్రార్థనకి దీనిక్కూడా మస్కట్ ఫిట్టింగు పెడతావా ఏంటే?" అన్నాడు.

అందరూ వెళ్ళారు. రత్తమ్మత్త మాత్రం గుమ్మంలోనే ఉంది.

"మీ మామ చొక్కాల్లో మిగిలింది ఇదొక్కటేనమ్మా. ఆ కోసిన చేతులు ఉన్నాయా?"

మామయ్య పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆవిడ చెప్పబోయింది అదే. ఆ చేతుల్ని మసిగుడ్డ చేసుకుని నేను పొద్దున్నే అన్నంకుండ దించాను. ఎంత ఉతికినా మసి వదల్లేదు. నా దగ్గర చారలగుడ్డ లేదు. మా పాపాయి గౌనుకని దాచిన గులాబీపూల గుడ్డ ఉంటే, దాంతోనే పొడుగ్గా, వదులుగా చేతులు కుట్టిచ్చాను.

తొడుక్కుని, రెండు చేతులూ చాచి చాలాసేపు చూసుకుంది.

"బతికున్నన్నాళ్ళూ ఒక్క పువ్వు తెచ్చిన పాపాన పోలేదు మీ మామ. ఇప్పుడు చేతులనిండా తెచ్చాడు."

ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

తర్వాతి కోతకి ఆవిడ పక్క సాలులోనే వంగున్నాను, ఏసోబు ఆఖరి చొక్కా తొడుక్కుని. అక్కడే మిరపచెట్టు పట్టుకుని ఒట్టేశాను: ఎదుటిమనిషి చెప్పేది పూర్తయ్యేదాకా ఈ జన్మలో కత్తెర తీయనని. ఆ ఒట్టు నేటికీ తప్పలేదు. తప్పే వీలెక్కడుంది లెండి, ఆ తర్వాత మా ఊళ్ళో ఎవరూ నా చేతికి గుడ్డ ఇస్తే కదా!