అలైనర్లు దాచుకుని ఒంటరిగా తిన్న రోజులు

బెంగళూరా మామిడికాయ ముక్కకు ఉప్పూకారం అద్ది కొరికాను. పై ముందు పన్ను కదిలింది. నొప్పి లేదు. నాలుకతో తోస్తే మళ్ళీ కదిలింది. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే రెండు ముందు పళ్ళ మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందు. ఎప్పుడు వచ్చిందో తెలియదు. అమ్మ ఉండి ఉంటే ఎప్పుడో చెప్పేది. ఆమె పోయి అప్పటికి రెండేళ్ళు. ఇంట్లో నా ముఖం చూసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

నాకు నలభై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. చిత్తూరు బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్‌లో పని. ఏ బస్సు ఎన్నింటికి, ఎక్కడ ఆగుతుంది అని రోజంతా మైకులో చెప్తుంటాను.

తిరుపతిలో ఒక డెంటల్ క్లినిక్‌కి వెళ్ళాను. డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి, "పీరియడాంటైటిస్. చిగుళ్ళ కింద బోన్ లాస్ ఉంది. అందుకే పళ్ళు జరుగుతున్నాయి" అన్నారు.

పోయిన ఎముక తిరిగి వస్తుందా అని అడిగాను.

"పూర్తిగా రాదమ్మా. ఉన్నదాన్ని కాపాడుకుందాం. ముందు చిగుళ్ళు, పళ్ళు సరిచేయడం తర్వాత."

నాలుగు నెలలు డీప్ క్లీనింగ్ జరిగింది. మత్తు సూది వేయించుకుని, ఉబ్బిన పెదవితో ఒక్కదాన్నే బస్సులో తిరిగి వచ్చేదాన్ని. రక్తం కారడం ఆగాక నోరంతా స్కాన్ చేసి క్లియర్ అలైనర్లు ఇచ్చారు. పళ్ళ మీద తొడుక్కునే పారదర్శకమైన ప్లాస్టిక్ ట్రేలు అవి. రెండు వారాలకొక కొత్త జత. "రోజుకు ఇరవై రెండు గంటలు ఉండాలి. తినేటప్పుడే తీయాలి, బ్రష్ చేసుకుని వెంటనే పెట్టుకోవాలి."

మొదటి వారం దవడ సలిపింది. మైకులో చ, స సరిగా పలకలేదు. ఒక పెద్దాయన కౌంటర్ దగ్గరికే వచ్చి, "ఏమ్మా, నోట్లో ఏందో పెట్టుకోని సెప్తా ఉండావే, పలమనేరు బస్సు యాడ?" అన్నాడు. మాట వారంలో సర్దుకుంది. భోజనమే సర్దుకోలేదు.

పార్సిల్ ఆఫీసులో పనిచేసే రాజమ్మక్క, నేను ఎనిమిదేళ్ళుగా ఒకే బెంచీ మీద కూర్చుని తినేవాళ్ళం. ఆమె సంగటి తెస్తే నేను పప్పు తెచ్చేదాన్ని. ఆమె ఎదుట నోట్లోంచి ఎంగిలి ట్రే తీయడానికి సిగ్గేసింది. ఈ వయసులో పళ్ళకు సోకులేమిటని నవ్వుతుందేమోనని భయం కూడా. కడుపు బాగాలేదన్నాను. తర్వాత ఉపవాసమన్నాను. వెయిటింగ్ రూమ్ వెనక కుళాయి దగ్గర నిలబడి పది నిమిషాల్లో తినేసేదాన్ని. నెల తిరిగేసరికి ఆమె పిలవడం మానేసింది.

ఆమె రిటైరైన రోజు అందరికీ భోజనాలు పెట్టింది. తన పక్కన ఆకు వేసి నన్ను పిలిచింది. పనుందక్కా అని లేచాను.

"పో మే, పో. నాతో కూడు తినేదానికి నీకు నామోషీగా ఉండాది" అంది. అందరూ విన్నారు. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

ఆ తర్వాత ఇంటికెళ్ళగానే ట్రేలు తీసి పక్కన పెట్టేదాన్ని. తిని, టీవీ ముందు కూర్చుని, పెట్టుకోవడం మరిచేదాన్ని. ఎవరు చూడాలని ఈ పళ్ళు, అనిపించేది. ఇరవయ్యో జత వేసేసరికి ఒక పన్ను ట్రేలో సరిగా కూర్చోలేదు.

"ట్రాకింగ్ పోయిందమ్మా, పళ్ళు ట్రేతో పాటు జరగడం లేదు. ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారు?" అని అడిగారు డాక్టరమ్మ. నిజం చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. మళ్ళీ స్కాన్, తేడా సరిచేసే రిఫైన్‌మెంట్ ట్రేలు, ఇంకో ఆరు నెలలు అన్నారు.

ఆ రోజు చిత్తూరు బస్సు ఎక్కలేదు. పుత్తూరు బస్సెక్కి, రిటైరయ్యాక రాజమ్మక్క వెళ్ళిపోయిన సొంతూరు వడమాలపేటలో దిగి, ఆమె ఇల్లు వాళ్ళనూ వీళ్ళనూ అడుగుతూ వెళ్ళాను.

"ఏం మే, దావ తప్పినావా?" అంది గడపలోనే.

నేను ట్రేలు రెండూ తీసి అరచేతిలో పెట్టి చూపించాను.

"ఇదేంది, పళ్ళ సెట్టా?"

మొదటినుంచీ చెప్పాను. ఆమె గడప మీదే కూర్చుండిపోయింది. "దీనికా? నేనేం తప్పు మాట్లాడినానో అని ఇన్ని నెలలు కొట్టుకులాడినాను గదా మే" అని కళ్ళు తుడుచుకుంది. అప్పటిదాకా ఒంటరితనం నా ఒక్కదానిదే అనుకున్నాను. కాసేపటికి లేచి కంచం పెట్టింది. "అది యాడన్నా పెట్టుకో. ముందు తిను."

ఇప్పుడు ముందు పళ్ళ సందు మూసుకుంది. చిగుళ్ళు తగ్గిన చోట మాత్రం చిన్న నల్లటి ఖాళీలు మిగిలాయి. పళ్ళు మళ్ళీ జరగకుండా రాత్రిళ్ళు రిటైనర్ అనే ట్రే జీవితాంతం పెట్టుకోవాలి, మూడు నెలలకొకసారి చిగుళ్ళు చూపించుకోవాలి. మధ్యాహ్నాలు బెంచీ మీద ఇప్పుడూ ఒక్కదాన్నే తింటాను. తిరుపతి వెళ్ళిన రోజు మాత్రం వడమాలపేటలో నాకు కంచం ఉంటుంది.

అలైనర్లు పెట్టుకోబోయేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే. మొదటి ట్రే వేసుకున్న రోజే, రోజూ మీతో కూర్చుని తినే మనిషికి చెప్పండి. వాళ్ళ ఎదుటే తీసి, డబ్బాలో పెట్టి, తినండి. ఆ సిగ్గు రెండు రోజులుంటుంది. నేను దాచినందుకు ఒక మంచి మనిషి నెలల తరబడి తనలో తప్పు వెతుక్కుంది.