మామ ఎర్రరాళ్ల డబ్బా

మొన్న ఆదివారం శారదా నది గట్టున కొత్త బోర్డు చూశాను: అనుమతి లేకుండా రాళ్లు, ఖనిజాలు ఏరరాదు. దాని పక్కనుంచే ఇసుక లారీల చక్రాల జాడలు ఏట్లోకి దిగి ఉన్నాయి. నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు వెనక పాలిటెక్నిక్ రోజుల నాటి కోపం చల్లారలేదు.

మా ఈడువాళ్లకు ఆదివారమంటే ఇంకా ఫోన్ కాని ఆ రోజుల్లో, వరద తీయగానే నేనూ, మునగపాకలో బెల్లం వండే మా మేనమామా ఏటికి వెళ్లేవాళ్లం. బండల వెనక పేరుకున్న ఎర్ర ఇసుకను జల్లిస్తే, దానిమ్మ గింజల్లాంటి గార్నెట్ రాళ్లు జల్లెడలో మిగిలేవి. మాకూ నిబంధనలుండేవి, నోటుబుక్కులో అంకెలు వేసి రాసుకున్నాను: ఒకటి, గునపం పట్టకూడదు, రెండు, పైపొర దాటి తవ్వకూడదు, మూడు, వెళ్లినప్పుడల్లా మనిషికి ఒక్క రాయి, మిగతావి ఏటికే, నాలుగు, ఏదీ అమ్మకూడదు.

ఒకనాడు జీపులో వచ్చిన గనుల శాఖ ఉద్యోగి పర్మిట్ అడిగాడు.

"కాలికంటుకున్న ఇసక్కి కూడా పర్మిట్ కావాలేటి బాబూ?" అన్నాడు మామ.

ఆ ఉద్యోగికి ఒళ్లు మండింది. కొత్త రాయిని పాతవాటి పక్కన పెట్టి రంగు చూడటానికి మామ వెంట తెచ్చుకునే బిస్కెట్ డబ్బాను, అందులో ఆయన ఏళ్ల తరబడి ఏరుకున్న రాళ్లతో సహా పట్టుకుపోయాడు. అనుమతి తెస్తే తిరిగిస్తానన్నాడు కనక నేను ఆఫీసుకు వెళ్లి ఫారం నింపాను. లోతు: సున్నా. యంత్రాలు: జల్లెడ ఒకటి. పనివాళ్లు: మామ, మేనల్లుడు. ప్రయోజనం: చూసుకోవడానికి.

గుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "అమ్మకానికని రాసెయ్ బాబూ, సంతకం అయిపోద్ది. సూసుకోడానికంటే మా కాడ రూలే లేదు," అన్నాడు.

ఒక్క మాట మారిస్తే డబ్బా చేతికొస్తుంది. బయట స్కూటరు మీద కూర్చున్న మామను అడిగాను.

"అబద్ధమాడి తెచ్చుకున్న రాళ్లని ఏ మొహం పెట్టుకుని సూత్తాన్రా అల్లుడా?" అన్నాడు.

ఫారం అలాగే ఇచ్చేశాను. డబ్బా ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు మామ మోకాళ్లు ఆయన్ని గట్టు దిగనివ్వవు. ఏట్లో ఎర్ర చారలు సన్నబడ్డాయి. అప్పుడు మేం పెట్టుకున్న నాలుగు నిబంధనల్లో ఒక్కటీ తప్పలేదు. ఇప్పుడు బోర్డు మీదున్నది లారీలకు కనబడదు. అందుకే మొన్న ఆ బోర్డు కిందే కూర్చుని, వేళ్లతో ఇసుక కెలికి, బియ్యపు గింజంత రాయి ఒక్కటే ఏరి, మిగతావి ఏటికి వదిలేశాను. సాయంత్రం మామ అరచేతిలో పెడితే, కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. నోటుబుక్కులో తేదీ వేసి, లోతు సున్నా అని రాశాను. ప్రయోజనం దగ్గర ఈసారీ ఒక్క అక్షరం మార్చలేదు.