బాలి ముఖానికి బొట్టు

ఆసియా దేశాల గదిలోకి అడుగుపెట్టే ముందు పైడమ్మ చెప్పులు గుమ్మం బయటే విడుస్తుంది. అరకు కొండ మీది ఆ మ్యూజియంలో ఊడ్చడం, తుడవడం ఆమె పని. జపాన్ విసనకర్రల్నీ, బర్మా బొమ్మల్నీ చంటిపిల్లల ఒళ్లు తుడిచినట్టు తుడుస్తుంది. బాలి దీవి నుంచి వచ్చిన రాకాసి ముఖాన్ని మాత్రం కళ్లు దించుకునే తుడుస్తుంది. గుడ్లు మిటకరించి, నాలుక వేలాడేసిన ఆ చెక్క ముఖానికి ఆమె ఒక్కసారీ వీపు చూపలేదు. వెనక్కి వెనక్కి నడిచే గది దాటుతుంది. అది వచ్చిన పెట్టె విప్పిన రోజే కూతురికి జ్వరం తగిలింది. నాలుగో రోజుకీ దిగకపోయేసరికి, ఇంటినుంచి పొట్లం కట్టి తెచ్చిన కుంకుమతో దాని నుదుట బొట్టు పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే ఆ బొట్టు మ్యూజియం ఆఫీసరు ఉమామహేశ్వరి కంటపడింది. "ఏంటిది పైడమ్మా? ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"తప్పయిపోనాది మేడమ్‌గోరూ. గుంటకి జొరం తగ్గనేదు. అమ్మోరు సల్లబడతాదని ఎట్టినాను."

"అమ్మోరూ లేదు, ఏమీ లేదు. చెక్క ముక్క!" అంటూ ఉమామహేశ్వరి తన చేత్తోనే బొట్టు తుడిచేసింది. తరవాత ఎర్రబడ్డ వేళ్లని చాలాసేపు చూసుకుంది.

చదువుకున్న మనిషే భయపడలేదు కదా అని పైడమ్మ ఆ పగలంతా గుండె చిక్కబట్టుకుంది. సాయంత్రం తాళం వెయ్యడానికి వెళితే, గుమ్మం బయట మేడం చెప్పులున్నాయి. మేడం వెనక్కి వెనక్కి నడుస్తూ గదిలోంచి వస్తోంది. ఇటు తిరిగిన నుదురు బోసిగా ఉంది. పొద్దున ఆ నుదుట ఉన్న మెరూన్ స్టిక్కర్ బొట్టు ఇప్పుడు లోపల, రాకాసి నుదుట ఉంది.

పైడమ్మకి అసలు భయం అప్పుడు పట్టుకుంది.