ఆది మీద కత్తెర

పెరంబూరులో జెబ కుట్టు అంగడికి వచ్చేవాళ్ళు కొలతలు చెప్పరు. ఒంటికి కుదిరిన పాత జాకెట్టొకటి ఆదిగా ఇచ్చిపోతారు. దాన్ని చూసుకుంటూ కొత్తది కుట్టాలి, దాని మీద మాత్రం కత్తెర పడకూడదు. ఆ తప్పు చేసినందుకే పోయిన వారం ఇద్దరు పిల్లల తల్లి కలైసెల్విని జెబ పనిలోంచి పంపేసింది.

కొలతలన్నీ కంప్యూటర్లో పెట్టాలని, నలభై రెండేళ్ళ వయసులో, మేడ మీద అద్దెకుండే వైదేహి దగ్గర జెబ జావా ప్రోగ్రామింగు నేర్చుకుంటోంది. ఈ ఆదివారం చర్చి నుంచి వచ్చి, జాకెట్టుకి ఏయే కొలతలుండాలో చెప్పే క్లాసు ఒకటి రాసి, దాన్నిబట్టి అంగడికొచ్చే శారదాంబ జాకెట్టును 'అక్క' అనే పేరుతో ఆబ్జెక్టు చేసింది. శారదాంబ చెల్లెలిదీ అదే కొలత, నడుము ఒక్కటే రెండంగుళాలు తక్కువ. అందుకని 'చెల్లి = అక్క' అని రాసి, చెల్లి నడుము తగ్గించింది. తెర మీద అక్క నడుమూ తగ్గిపోయింది.

"ఏందిది! చెల్లిది తగ్గిస్తే అక్కది ఎందుకు తగ్గుతాది? బుద్ధిలేని పెట్టె!" అని జెబ బల్ల మీద చరిచింది.

"కొత్తది కుట్టమని మీరు చెప్పలేదక్కా," అంది వైదేహి. "ఉన్న జాకెట్టుకే ఇంకో పేరు పెట్టారు. పేర్లు రెండు, జాకెట్టు ఒకటే."

జెబ 'చెల్లి = అక్క' అన్న వరస చెరిపేసింది. తర్వాత ఫోను తీసింది.

"కలైసెల్వీ, రేపు అంగడికి రామ్మా. ఆ తప్పు ఇప్పుడే నేనూ చేసినా."